‘సీలా’ దేశం, సిలా రహమీ
కొరియాలోని ఒక చిన్న నగరానికి మా ప్రయాణ సన్నాహం

జుమా నమాజు ముగించుకుని ఇంటికి వచ్చి భోజనానికి కూర్చున్నాము. అదే సమయానికి ఫోను మోగింది. కొరియాలో ఉన్న మా అబ్బాయి. “అబ్బా! ఈసారి కూడా పండుగకు సెలవు దొరకలేదు. మీరూ అమ్మీ కలిసి పది రోజులకు ఇక్కడికి రాకూడదా?” అన్నాడు. మేము “చూద్దాం లే” అని మాట దాటవేశాము. మా శ్రీమతి ఏమీ అనలేదు. పళ్ళెంలో అన్నం మాత్రం అలాగే ఉండిపోయింది.

పాఠకులకు కొంత వివరం చెప్పాలి. మాది శ్రీ సత్యసాయి జిల్లా. పెనుకొండ అనగానే ఒకప్పుడు అందరికీ బాబయ్య దర్గా గుర్తుకు వచ్చేది. 2019లో అక్కడి ఎర్రమంచి దగ్గర కొరియా వారి కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. ఆ తరువాత దాని చుట్టూ విడిభాగాల కర్మాగారాలు వెలిశాయి. మన ఊళ్ళ దుకాణాల మీద కొరియా అక్షరాల బోర్డులు కూడా వచ్చాయి. అలాంటి ఒక కర్మాగారంలోనే మా అబ్బాయికి ఉద్యోగం. రెండేళ్ళ కిందట వాళ్ళే అతన్ని గ్యోంగ్జు అనే ఊరికి పంపించారు.

అతను వెళ్ళేటప్పుడు మేము సంతోషంగా సాగనంపలేదు. “అక్కడ ఏం తింటావు? ఎక్కడ నమాజు చేస్తావు? ఉన్నదాంట్లో సర్దుకోక ఈ దూరాలెందుకు?” అని కటువుగా మాట్లాడాము. వాడు ఎదురు మాట్లాడకుండా సలాం చేసి బస్సెక్కాడు. ముప్ఫై ఏళ్ళుగా పరాయి పిల్లలకు పాఠం చెబుతున్న మేము మన పిల్లవాడి ప్రయాణానికి ఒక మంచి దుఆ చేసి పంపలేకపోయామన్న బాధ మా మనసులో ఉండిపోయింది. ఇప్పుడు కంపెనీ వారు మరో మూడేళ్ళు ఉండమంటున్నారట. జవాబు చెప్పడానికి వాడు కొంత గడువు అడిగాడు.

పాత పుస్తకాల్లో ఒక దేశం

గ్యోంగ్జు గురించి తెలుసుకుందామని పుస్తకాలు తిరగేస్తుంటే మాకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి కనిపించింది. ఆ ఊరు ‘సిల్లా’ అనే ప్రాచీన రాజ్యానికి రాజధాని. క్రీస్తు పూర్వం 57 నుండి క్రీస్తు శకం 935 వరకు, అంటే దాదాపు వెయ్యి సంవత్సరాలు, సిల్లా రాజ్యం నిలిచిందని కొరియా చరిత్ర చెబుతుంది. అరబ్బు భూగోళ శాస్త్రవేత్తలు ‘అల్-సీలా’, ‘అల్-షీలా’ అని రాసిన దేశం ఇదే!

క్రీస్తు శకం 851 నాటి ‘అఖ్బారుస్సీన్ వల్ హింద్’ అనే గ్రంథం ఉంది. చైనాకు, మన దేశానికి ఓడల్లో వచ్చిపోయిన వర్తకులు చెప్పిన కబుర్ల సంపుటి అది. చైనాకు అవతల సముద్రంలో సీలా ఉందనీ, అక్కడివారు చైనా రాజుకు కానుకలు పంపుతారనీ అందులో ఉంది. తమవారెవరూ అక్కడిదాకా వెళ్ళి వచ్చి సమాచారం చెప్పలేదని కూడా ఆ గ్రంథం నిజాయితీగా ఒప్పుకుంటుంది.

అదే తొమ్మిదవ శతాబ్దిలో ఇబ్న్ ఖుర్దాద్బిహ్ ‘అల్-మసాలిక్ వల్-మమాలిక్’ రాశారు. ఆయన అబ్బాసీ ఖలీఫాల కొలువులో తపాలా, సమాచార శాఖ అధికారి. దారులు, మజిలీలు లెక్కగట్టడమే ఆయన పని. చైనా చివర కొండలతో నిండిన షీలా దేశం ఉందనీ, అక్కడ బంగారం మెండు అనీ ఆయన రాశారు. అక్కడికి చేరిన ముస్లిములు ఆ నేల మంచితనం చూసి అక్కడే స్థిరపడిపోతారని కూడా రాశారు. 1154లో గ్రంథం పూర్తి చేసిన అల్-ఇద్రీసీ అయితే, అక్కడ కుక్కల గొలుసులు కూడా బంగారంతోనే చేస్తారనేదాకా వెళ్ళారు.

ఒకరేమో వెళ్ళి వచ్చి చెప్పినవారు లేరన్నారు. ఇంకొకరేమో వెళ్ళినవారు అక్కడే ఉండిపోయారన్నారు. ఆలోచిస్తే రెండు మాటలూ ఒకదానికొకటి అతికినట్టే ఉన్నాయి. ఉండిపోయినవాడు తిరిగి వచ్చి కబురు ఎలా చెబుతాడు?

ఈ సంగతులన్నీ మా శ్రీమతికి ఉత్సాహంగా వినిపించాము. ఆమె చివరిదాకా విని, “ఏమండీ! వెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదని మీ పుస్తకంలోనే ఉంది కదా. మరి మన వాడి సంగతి?” అన్నది. మేము జవాబు వెతుక్కుంటుండగానే మళ్ళీ అందుకున్నది. “పుస్తకంలోని సీలా సంగతి బాగానే ఉంది. ఇంట్లోని సిలా రహమీ సంగతి కూడా చూడండి.”

బంధుత్వాన్ని కలిపి ఉంచడాన్ని ‘సిలా రహమీ’ అంటారని మన పాఠకులకు తెలుసు. ఆ ‘సిలా’ సాద్ అక్షరంతో రాస్తారు, పుస్తకంలోని ‘సీలా’ సీన్ అక్షరంతో రాస్తారు అని వ్యాకరణం చెప్పబోయి నోరు మూసుకున్నాము. అక్షరాలు వేరైనా ఆమె మాట సూటిగా తగిలింది.

డబ్బు సంగతి

మా దగ్గర కొంత పొదుపు ఉంది. అది ఉమ్రా కోసమని దాచుకున్నది. అల్లాహ్ దయవల్ల మా ఇద్దరి హజ్ బాధ్యత ఇదివరకే నెరవేరింది. హజ్ విధి అయి ఉండి, ఇంకా చేయనివారు ఆ సొమ్మును విహారాలకు ఖర్చు చేయకూడదు. ఈ మాట ముందే స్పష్టంగా చెప్పడం మా ధర్మం. మాకు మిగిలినది నఫిల్ ఉమ్రా మాత్రమే. నఫిల్ ఆరాధన గొప్పదే. అయితే కన్నబిడ్డ ఒంటరిగా ఉండి రమ్మని పిలుస్తున్నాడు. తల్లి అన్నం ముందు కూర్చుని తినలేకపోతున్నది. బంధుత్వాన్ని తెంచుకోవద్దని దైవప్రవక్త (సఅసం) ఎంత గట్టిగా బోధించారో మనం తరగతుల్లో చెబుతూనే ఉంటాము. ఆ పాఠం మన గుమ్మంలోకి వచ్చినప్పుడు తప్పించుకోగలమా? ఉమ్రాకు మళ్ళీ కూడబెట్టుకుందామని నిర్ణయించాము.

కాగితాలు – ఒక పరీక్ష

భారతీయులకు కొరియా వెళ్ళడానికి ముందుగానే వీసా తీసుకోవాలి. ఢిల్లీలో ఆ దేశ రాయబార కార్యాలయం, దక్షిణాదిన చెన్నైలో కాన్సులేట్ ఉన్నాయి. పాస్‌పోర్టు, ఫొటోలు, ఉద్యోగ ధ్రువీకరణ, బ్యాంకు స్టేట్‌మెంట్, ఆదాయపు పన్ను రిటర్నులు, ఎక్కడ ఉంటామో ఏ రోజు ఏం చూస్తామో తెలిపే ప్రయాణ పట్టిక సిద్ధం చేసుకోవాలి. ఆహ్వానించేవారు ఉంటే వారి పత్రాలు కూడా జోడించాలి. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు అధికారిక సమాచారమే చూసుకోవాలి.

మా ఊళ్ళో ఒక ఏజెంటు దగ్గరకు వెళ్ళాము. ఆయన మా బ్యాంకు పుస్తకం చూసి పెదవి విరిచాడు. “మౌల్వీ సాబ్, ఇంత తక్కువైతే కష్టం. ఒక నెల రోజులకు మీ ఖాతాలో మేమే డబ్బు వేస్తాం. వీసా వచ్చాక తీసేసుకుంటాం. అందరూ చేసేదే. కమీషన్ ఇస్తే చాలు” అన్నాడు.

పాఠకులారా! నిజం చెప్పాలంటే ఒక్క క్షణం మా మనసు తడబడింది. కొడుకు ముఖం కళ్ళ ముందు మెదిలింది. కానీ మనది కాని సొమ్మును మనదని చూపడం అబద్ధమే కదా? ప్రయాణపు మొదటి అడుగే అబద్ధం మీద వేస్తే దారిలో చేసే దుఆలకు ఏం విలువ? “కాదు బాబూ, మాకున్నదే చూపిస్తాము. వీసా వస్తే వెళ్తాము, రాకుంటే అల్లాహ్ నిర్ణయం” అని లేచి వచ్చాము. అబ్బాయి తన జీతం కాగితాలు, ఖర్చులు తానే భరిస్తానన్న లేఖ పంపాడు. ఉన్నది ఉన్నట్టు రాసి మేమే దరఖాస్తు సిద్ధం చేసుకున్నాము. కాస్త ఓపిక ఉంటే ఇది ఎవరైనా చేసుకోగలిగిన పనే.

ఊరు ఎలాంటిది?

గ్యోంగ్జు దక్షిణ కొరియాలో ఆగ్నేయ దిక్కున ఉంది. జనాభా సుమారు రెండున్నర లక్షలు. 2011 లెక్కల నాటి మన అనంతపురం పట్టణం ఇంచుమించు అంతే ఉండేది. ఊరు చిన్నదే అయినా 2025లో ఆసియా-పసిఫిక్ దేశాల అధినేతల సమావేశానికి అదే వేదిక అయింది.

రాజధాని సియోల్ నుండి కేటీఎక్స్ అనే వేగవంతమైన రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. 2010లో ‘సిన్‌గ్యోంగ్జు’ పేరుతో తెరిచిన స్టేషను 2023 డిసెంబరు నుండి ‘గ్యోంగ్జు’ అయింది. ఊరి నడుమ ఉన్న పాత స్టేషను 2021 డిసెంబరులో మూతపడింది. పాత ప్రయాణ పుస్తకాలు పట్టుకుని వెళ్ళేవారు ఇక్కడ తికమకపడవచ్చు. కొత్త స్టేషను ఊరికి కొంత దూరంగా ఉంటుంది, అక్కడి నుండి సిటీ బస్సులున్నాయి. సియోల్‌లో కొనుక్కున్న ‘టీ-మనీ’ కార్డు ఈ బస్సుల్లోనూ చెల్లుతుంది. దారి చూసుకోవడానికి అక్కడివారు నావెర్ మ్యాప్, కకావో మ్యాప్ వాడతారు. వాటిని ముందే ఫోనులో పెట్టుకోమన్నాడు అబ్బాయి.

కాలం ఎంపిక కూడా ముఖ్యమే. చలికాలం మన రాయలసీమవారు తట్టుకోలేనంత చల్లన. జూలై, ఆగస్టుల్లో వానలు, ఉక్కపోత. ఏప్రిల్ మొదట్లో చెర్రీ చెట్లు పూస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఆకులు ఎర్రబారి వాతావరణం హాయిగా ఉంటుంది. మేము శరదృతువును ఎంచుకున్నాము. ‘చుసోక్’ అనే వారి పంటల పండుగ రోజుల్లో దేశమంతా సొంత ఊళ్ళకు కదులుతుంది, రైళ్ళలో చోటు దొరకదు. ఆ రోజులు తప్పించుకోవాలి.

ఏమేం చూడాలి?

ఊరి మధ్యలోనే పచ్చిక కప్పిన గుట్టల్లా పెద్ద పెద్ద సమాధులు ఉన్నాయి. తేరుంగ్‌వన్ అనే ఒక్క ఆవరణలోనే 23 గుట్టలు ఉన్నాయి. వాటిలో చొన్మాచోంగ్‌ను 1973లో తవ్వారు. బంగారు కిరీటంతో పాటు పదకొండు వేలకు పైగా వస్తువులు బయటపడ్డాయి. లోపలికి వెళ్ళి చూసే వీలుంది. 1973 నుండి 1975 వరకు తవ్విన హ్వాంగ్నం తేచోంగ్ అనే జంట సమాధి పొడవు 120 మీటర్లు, ఎత్తు 23 మీటర్లు. అందులో దొరికిన గాజు పాత్రలు పడమటి దేశాల నుండి వచ్చినవని పరిశోధకులు చెబుతారు. ఇంకొక చిన్న సమాధిలో 1973లో దొరికిన బంగారు కటారి కూడా మధ్య ఆసియా పనితనం చూపిస్తుంది. అంటే అరబ్బు గ్రంథాలు రాయడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే ఈ మూలకు దారి ఉందన్నమాట.

సొందొక్ రాణి పాలించిన 632-647 నాటి చొంసోంగ్‌డే అనే రాతి ఖగోళశాల నేటికీ నిలిచి ఉంది. ఎత్తు సుమారు 9 మీటర్లు. 2016 సెప్టెంబరు 12న ఈ ప్రాంతంలో 5.8 తీవ్రతతో భూకంపం వచ్చినా అది కూలలేదు. దగ్గరలోనే 674లో తవ్వించిన వల్జీ రాజోద్యానపు కొలను ఉంది. జాతీయ మ్యూజియంలో 771 నాటి పెద్ద కంచు గంట ఉంది. దాని బరువు దాదాపు 19 టన్నులు. అక్కడి శాశ్వత ప్రదర్శనకు టిక్కెట్టు లేదు.

ఊరి బయట బుల్గుక్సా బౌద్ధాలయం, కొండపైన సొక్కురాం గుహాలయం ఉన్నాయి. ఎనిమిదవ శతాబ్ది నాటి ఈ రెండూ 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. బుల్గుక్సాకు 2023 మే నుండి ప్రవేశ రుసుము తీసేశారు. బస్టాండు నుండి 10, 11 నంబర్ల బస్సులు వెళ్తాయి.

మా మిత్రుడొకరు ఇక్కడ ఒక ప్రశ్న వేశారు. “పరాయి ఆరాధనా స్థలాలకు మీరెందుకు మౌలానా?” అని. పూజలో పాల్గొనడం వేరు, చరిత్రను చూడడం వేరు అన్నది మా సమాధానం. భూమి మీద తిరిగి, గతించిన జాతుల ముగింపు ఏమైందో చూడమని దివ్య ఖుర్ఆన్ పలుమార్లు ప్రోత్సహించింది. కర్మకాండల్లో చేరకుండా, అక్కడివారి మనసు నొచ్చుకోకుండా, మర్యాదగా చూసి రావచ్చు. నఫ్స్‌కు ఇబ్బంది అనిపించేవారు మ్యూజియంతో సరిపెట్టుకోవచ్చు. ఇలాంటి సందర్భాల్లో చాలామంది జ్ఞానం కోసం చైనా దాకానైనా వెళ్ళమన్న వాక్యాన్ని హదీసుగా ఎత్తి చూపుతారు. దాని పరంపర బలహీనమని ముహద్దిసులు చెప్పారు. విద్య గొప్పతనం చెప్పడానికి ప్రామాణిక బోధనలే చాలు.

ఆ కాలపు బౌద్ధుల్లో కూడా గొప్ప యాత్రికులున్నారు. సిల్లాలో పుట్టిన హ్యేచో అనే భిక్షువు 720లలో మన దేశమంతా తిరిగి, పారశీక, అరబ్బుల దేశాల గురించి కూడా రాశాడు. ఆ రాతప్రతి 1908లో చైనాలోని దున్‌హువాంగ్ గుహల్లో దొరికింది. అటునుండి ఇటు ఒకరు, ఇటునుండి అటు మరొకరు! విమానాలు లేని రోజుల్లోనే మనుషులు ఇలా తిరిగారు.

గడ్డాల రాతి మనుషులు

మేము అన్నిటికన్నా చూడాలనుకుంటున్నది మరొకటి ఉంది. 798లో మరణించిన వన్‌సోంగ్ రాజు సమాధి వెడాంగ్ అనే చోట ఉంది. దాని ముందు నాలుగు రాతి సింహాలు, ఇద్దరు రాతి మంత్రులు, ఇద్దరు రాతి యోధులు నిలబడి ఉన్నారు. ఆ యోధుల కళ్ళు లోతుగా, ముక్కు పెద్దదిగా, గడ్డం వంకీలు తిరిగి ఉంటుంది. వారు పడమటి నుండి వచ్చినవారని చాలామంది నమ్ముతారు. అరబ్బులని కొందరు, మధ్య ఆసియా సోగ్దులని కొందరు అంటారు. సమాధి కాపలాకు చెక్కిన ఊహారూపాలని మరికొందరి మాట.

ఇక్కడ మనం ఒక జాగ్రత్త పాటించాలి. గడ్డం కనిపించగానే “వీరు మనవారే” అని చాటడం మనకు అలవాటు. రాతికి గడ్డం ఉంటుంది, కలిమా ఉండదు. ‘కూష్‌నామా’ అనే పన్నెండవ శతాబ్ది పారశీక కావ్యంలో పారశీక రాకుమారుడు ‘బసీలా’ దేశపు రాకుమారిని పెళ్ళాడినట్టు ఉంది. అది కథ, చరిత్ర కాదు. నిజం దానంతట అదే గొప్పది, దానికి మన అతిశయోక్తి అవసరం లేదు.

నిజం ఏమిటంటే, ఆ వెడాంగ్‌లోనే ఇప్పుడు కార్ల విడిభాగాల కర్మాగారాలు వరుసగా ఉన్నాయి. వాటిలో ఎన్నో దేశాల కార్మికులు పనిచేస్తున్నారు. మా అబ్బాయి కూడా అక్కడే. పన్నెండు వందల ఏళ్ళ కిందటి రాతి విదేశీయుల దగ్గర ఈనాటి విదేశీయులు సైకిళ్ళ మీద డ్యూటీకి వెళ్తుంటారట. “సెలవు రోజు అక్కడ కూర్చుంటే మనసు తేలిక పడుతుంది అబ్బా, వాళ్ళూ ఇంటికి పోలేదు కదా” అన్నాడొకసారి. ఆ మాట మేము ఇంట్లో చెప్పలేదు.

తిండి విషయం

మన కుటుంబాలను ఆపేది ముఖ్యంగా ఇదే. కొరియాలో పంది మాంసం, మద్యం సర్వసాధారణం. అయినా దారులు మూసుకుపోలేదు. కొరియా ముస్లిం సమాఖ్య హలాల్ ధ్రువీకరణ ఇస్తుంది. 2016 నుండి ఆ దేశ పర్యాటక సంస్థ ముస్లిముల కోసం భోజనశాలలను వర్గాలుగా విభజించి చూపుతున్నది. పూర్తి హలాల్ ధ్రువీకరణ ఉన్నవి వేరు, యజమాని స్వయంగా హలాల్ అని చెప్పుకునేవి వేరు, కేవలం పంది మాంసం లేనివి వేరు. ఈ తేడా గమనించాలి. పంది లేదన్నంత మాత్రాన కోడి హలాల్ కాదు.

రెండు మాటలు నేర్చుకోవాలి. పంది మాంసాన్ని ‘త్వెజిగోగి’ అంటారు, మద్యాన్ని ‘సుల్’ అంటారు. ప్యాకెట్ల మీద అలర్జీ కలిగించే పదార్థాల పేర్లు విడిగా ముద్రించాలని అక్కడ చట్టం ఉంది. ఆ జాబితాలో పంది మాంసం కూడా ఉంది. కాబట్టి ఆ కొరియా అక్షరాలు ఒక కాగితం మీద రాసుకుని పోల్చి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. చేపలు, గుడ్లు, అన్నం, కూరగాయలు పుష్కలం. ఆకుల్లో అన్నం చుట్టుకుని తినే ‘స్సంబాప్’ ఆ ఊరి ప్రత్యేకత, మాంసం లేకుండా అడగాలి. కూరగాయల అన్నం ‘బిబింబాప్’లో గొడ్డు మాంసం తునకలు వేస్తారు, వద్దని ముందే చెప్పాలి. మిరప ముద్దలోనూ, సోయా పులుసులోనూ ఒక్కోసారి మద్యం కలుపుతారు. కిమ్చీలో రొయ్యల ఊట వేస్తారు. రొయ్య విషయంలో మన ఉలమాల భేదాభిప్రాయం తెలిసినదే, ఎవరి ఆలిమ్‌ను వారు అడిగి తెలుసుకోవాలి.

మా శ్రీమతి కొడుక్కి ఇష్టమని ఒట్టితునకలు ఎండబెట్టడం మొదలుపెట్టింది. మాంసం పదార్థాలు ఆ దేశంలోకి తీసుకురానివ్వరని, తెస్తే జరిమానా అని అబ్బాయి చెప్పగానే ఆమె ముఖం చిన్నబోయింది. పండ్లు, విత్తనాలకు కూడా ఇదే నియమం. చివరికి సేమియా, కారప్పొడి, ఊరగాయ దగ్గర ఆగింది. తీసుకువెళ్ళేది ఏదైనా డిక్లరేషన్‌లో రాయాలి.

నమాజు, ఖిబ్లా

కొరియా సమయం మనకన్నా మూడున్నర గంటలు ముందు. జూన్‌లో సూర్యోదయం ఐదు దాటగానే, సూర్యాస్తమయం రాత్రి ఏడు గంటల నలభై నిమిషాలకు. డిసెంబరులో ఏడున్నరకు తెల్లవారి, ఐదుంబావుకే పొద్దు గూకుతుంది. పదిహేను రోజుల లోపు బస కాబట్టి హనఫీ మస్లక్ ప్రకారం మేము ముసాఫిర్లము, నాలుగు రకాతుల ఫర్జ్‌ను ఖసర్ చేసుకుంటాము.

ఖిబ్లా కోసం దిక్సూచి పట్టుకుని లెక్క వేశాము. గ్యోంగ్జు నుండి కాబా దిక్కు పడమటి నుండి ఉత్తరానికి సుమారు 17 డిగ్రీలు. పెనుకొండకు కూడా అదే పద్ధతిలో లెక్క చూశాము. ఇక్కడ కూడా సుమారు 17 డిగ్రీలే! వేల మైళ్ళ దూరంలో ఉన్నా దిక్సూచి ముల్లు మీద తండ్రి, కొడుకు ముఖం పెట్టేది ఒకే గుర్తు వైపు. ఈ సంగతి చెప్పినప్పుడు మా శ్రీమతి దిక్సూచిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

సియోల్‌లో పెద్ద మసీదు 1976లో, బూసాన్‌లో మసీదు 1980లో వెలిశాయి. బూసాన్‌కు గ్యోంగ్జు నుండి రైలులో అరగంట. ఒక జుమా అక్కడ చేయాలని పట్టికలో రాసుకున్నాము. అదే ఊళ్ళో ఐక్యరాజ్య సమితి స్మారక శ్మశానవాటిక ఉంది. 1950-53 కొరియా యుద్ధంలో ప్రాణాలిచ్చిన 462 మంది తుర్కీ సైనికులు అక్కడ ఖననమయ్యారు. కొరియాలో ఆధునిక కాలపు ముస్లిం సమాజానికి పునాది పడింది ఆ తుర్కీ సైన్యంతో వచ్చిన ఇమాముల వల్లనే. ఫాతిహా చదివి వస్తాము.

భయం, ధైర్యం

ఒక సంగతి దాచడం న్యాయం కాదు. గ్యోంగ్జుకు దగ్గరి నగరం తేగులో విద్యార్థులు మసీదు కట్టుకోబోతే 2021 నుండి ఇరుగుపొరుగువారు అడ్డుకున్నారు. 2022లో పని జరిగే చోట పంది తలలు పెట్టారు. ఈ వార్త చదివినప్పుడే మా అబ్బాయితో మేము కటువుగా మాట్లాడాము. కానీ మిగతా సగం వార్త తరువాత చదివాము. ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం 2022 సెప్టెంబరులో మసీదు పక్షానే తీర్పు ఇచ్చింది. 2023లో అక్కడి మానవ హక్కుల సంఘం ఆ చేష్టలను ద్వేషపూరితమని ఖండించింది. మనమంటే గిట్టనివారు ప్రతి దేశంలోనూ ఉంటారు, న్యాయం చెప్పేవారు కూడా ఉంటారు.

ఇక మా అబ్బాయి ఇంటి యజమానురాలు డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. మొదట్లో మాంసం పులుసు తెచ్చిచ్చి, వాడు తినలేనంటే నొచ్చుకున్నదట. సంగతి అర్థమయ్యాక ప్రతి శరత్తులో తన పెరటి చెట్టు పండ్లు సంచి నిండా గుమ్మానికి తగిలించి పోతుందట. ఆమెకు ఇవ్వడానికి మా శ్రీమతి ఒక కలంకారీ దుప్పటి కొన్నది. ఏదైనా ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇవ్వడం అక్కడి మర్యాద. మా శ్రీమతి ఆ దుప్పటితోనే అభ్యాసం చేస్తున్నది.

మా పట్టిక

పది రోజుల్లో మొదటి రెండు రోజులు విశ్రాంతి, అబ్బాయి గదిలో వంట. మూడో రోజు సమాధుల ఆవరణ, ఖగోళశాల, సాయంత్రం కొలను. ఇవన్నీ నడిచే దూరంలోనివే. నాలుగో రోజు మ్యూజియం. ఐదో రోజు బుల్గుక్సా, కొండ. ఆరో రోజు ఖాళీ, మోకాళ్ళ నొప్పులవారికి ఇది తప్పనిసరి. ఏడో రోజు శుక్రవారం, బూసాన్. ఎనిమిదో రోజు అబ్బాయికి సెలవు. ఆ రోజు ముగ్గురమూ వెడాంగ్ వెళ్ళి ఆ రాతి మనుషుల దగ్గర కూర్చుంటాము. మిగతా రెండు రోజులు దారికి.

“ఆ రోజు వాణ్ణి తిరిగి వచ్చేయమని అడుగుతారా?” అన్నది మా శ్రీమతి. అడగకూడదని నిర్ణయించుకున్నాము. వాడు హలాల్ సంపాదనతో, నమాజు వదలకుండా, మద్యం బలవంతం చేసేవారి మధ్య నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంటున్నాడు. ఆ రోజు బస్సు దగ్గర అనవలసిన మాట ఒకటి మాకు బాకీ ఉంది. దాన్ని ఫోనులో చెప్పడం కుదరదు. ఎదురుగా కూర్చుని, తల మీద చేయి వేసి చెప్పాలి. ఉండాలో రావాలో ఆ తరువాత వాడే తేల్చుకుంటాడు. రెండిటిలో ఏది మేలో అల్లాహ్‌కే తెలుసు.

వీసా ఇంకా రాలేదు. పెట్టె మాత్రం సగం సర్దడం అయిపోయింది. దూరదేశాల్లో బిడ్డలున్న తల్లిదండ్రులారా! పిల్లలు రమ్మని పిలిచినప్పుడు “చూద్దాం లే” అని ఊరుకోకండి. వెళ్ళగలిగినవారు వెళ్ళండి. వెళ్ళలేనివారు ఈ జుమా నాడైనా ఫోను చేసి, వారు అడగకముందే వారి కోసం దుఆ చేయండి. ప్రయాణాల్లో ఉన్న మన బిడ్డలందరినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.